మూడోసారి చెప్పే జవాబు

కారమడైకి తూర్పున, నల్లరేగడి మొదలయ్యే చోట చిన్నమేడు అని ఒక పల్లె. మొత్తం ముప్ఫై గడపలు, అందులో ఇరవై ఆరు తెలుగిళ్లు. వాళ్ల పెద్దలు ఎప్పుడు వచ్చారో, ఏ ఊరినుంచి వచ్చారో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. ఏ రెండు కథలూ కలవవు. మర్యాద దగ్గర మాత్రం అందరిదీ ఒకటే మాట. ఆ మర్యాద ఏమిటో ముందే చెప్పేస్తాను, ఎందుకంటే రామక్కాళ్ కొంప మునిగింది దానివల్లే.

పెద్దవాళ్లు ఏదైనా అడిగితే మొదటిసారి "ఏమీ లేదు" అనాలి. రెండోసారి అడిగితే "మీ చిత్తం" అనాలి. మూడోసారి అడిగినప్పుడే మనసులో ఉన్న మాట బయటపెట్టాలి. అన్నం వడ్డించేటప్పుడూ అంతే, పిల్లనిచ్చి పుచ్చుకునేటప్పుడూ అంతే, పదిమంది కూర్చున్న పంచాయతీలోనూ అంతే. మొదటి పిలుపుకే నోరు తెరిచినవాడు కక్కుర్తిమనిషి కింద లెక్క. అడిగేవాళ్లకూ సంగతి తెలుసు కాబట్టి విసుక్కోకుండా మూడుసార్లూ అడుగుతారు. ఈ ఊరివాళ్లు పై ఊరి పెళ్లిళ్లకు పోయి, ఒక్కసారి అడిగి ఊరుకునే వడ్డనవాళ్ల చేతిలో పడి, అర్ధాకలితో ఇంటికొచ్చిన కథలు బోలెడు.

కడుపు మాడితే ఇంటికొచ్చి ఇంత సంకటి తినొచ్చు. నీళ్లలో వాటా పోతే ఏం తింటారు?

కంపెనీ దొరలు కోయంబత్తూరు సీమను ఏలుతున్న రోజులవి. రామక్కాళ్ పన్నెండో ఏట ఈ ఊరికి కోడలిగా వచ్చింది. ఆమె మామగారు రంగసామి మెట్ట తవ్వించి, బండ పగలగొట్టించి, మూడేళ్లు తంటాలు పడి ఒక బావి దించాడు. దానికి తూర్పు ఒడ్డున ఒక మోట, పడమటి ఒడ్డున ఒక మోట. ఆయన పోయాక ఇద్దరు కొడుకులూ ఆ బావిని రోజుల లెక్కన పంచుకున్నారు. మూడు రోజులు పెద్దకొడుకు పెరుమాళ్‌సామి తోటకు, మూడు రోజులు చిన్నకొడుకు దురైసామి తోటకు. కాగితం లేదు, కరణం రాత లేదు. ఎవరి రోజు వస్తే వాళ్లు ఎద్దులను కట్టి నీళ్లు తోడుకునేవాళ్లు.

ఆ దురైసామే రామక్కాళ్ భర్త. ఎనిమిదేళ్ల కిందట జ్వరంతో పోయాడు. అప్పటికి కొడుకు కృష్ణసామికి ఇంకా మీసాలు రాలేదు. ఆడమనిషి మోట తోలడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. రామక్కాళ్ కొంగు బిగించి, పగ్గం పట్టుకుని, ఎద్దులను వెనక్కీ ముందుకీ నడిపించింది. నవ్వినవాళ్లు నవ్వారు. నాలుగు వారాలకు వాళ్లకే విసుగొచ్చి నవ్వడం మానేశారు. మిరపతోట మాత్రం ఒక్క ఏడాది కూడా ఎండలేదు.

పట్టు పడితే విడవని మనిషి. అయినా బావగారి ముందు ఏనాడూ నోరు విప్పింది లేదు. ముప్ఫై ఏళ్లుగా ఆయనతో ఏం చెప్పాలన్నా స్తంభం చాటున నిలబడి ఇంకొకరి చేత చెప్పించేది. అదీ మర్యాదే మరి.

రెండేళ్ల కిందట భూములు కొలిచే గుమాస్తా ఊరికి వచ్చాడు. ఎక్కడివాడో, తంజావూరు వైపు మనిషి. ఎండకు మొహం కమిలిపోయి, ఎప్పుడు పని ముగుస్తుందా అని చూస్తున్నాడు. పెరుమాళ్‌సామి ఇంటి అరుగుమీద కూర్చుని, పలక, కాగితాలు పరుచుకుని కృష్ణసామిని అడిగాడు: "ఈ బావిలో నీకేమైనా పాలుందా?"

కృష్ణసామి చేతులు కట్టుకుని, "ఏమీ లేదు సామీ" అన్నాడు. అన్నాక రెండోసారి అడుగుతాడని నిలబడ్డాడు.

గుమాస్తా ఇటు తిరిగాడు. "అయితే బావంతా నీదేనా?" అని పెరుమాళ్‌సామిని అడిగాడు. పెరుమాళ్‌సామి కూడా మర్యాదస్తుడే కాబట్టి, "నాదేముంది సామీ, మీరెట్ల రాస్తే అట్ల" అన్నాడు. ఆయనా రెండోసారి కోసమే చూశాడు. గుమాస్తా బావినంతా పెరుమాళ్‌సామి పేర రాసి, సిరా మీద ఇసక చల్లి, గొడుగు తీసుకుని పక్క ఊరికి వెళ్లిపోయాడు. ఇద్దరూ అరుగుమీద ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మొదటి ఏడాది ఏమీ మారలేదు. మూడు రోజులు మూడు రోజులుగానే నడిచాయి. కానీ కాగితమనేది ఇంట్లో ఉంటే ఊరుకోదు. పెరుమాళ్‌సామి అల్లుడు వచ్చినప్పుడల్లా దాన్ని తీసి చదివేవాడు. వినగా వినగా పెరుమాళ్‌సామికి బావంతా నిజంగానే తనదని అనిపించసాగింది. ఈ ఏడు చిత్తిరై నెల ఎండలకు బావి అడుగంటింది. ఒకరోజు పొద్దున కబురు పంపాడు: ఇకనుంచి చిన్నింటికి ఆరు రోజుల్లో ఒక్క రోజే నీళ్లు.

ఒక్క రోజు నీళ్లతో మిరప బతకదు. మిరప పోతే ఎద్దులు పోతాయి, ఎద్దులు పోతే కృష్ణసామి పరాయి తోటలో కూలికి నిలబడాలి. రామక్కాళ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. బావగారి మీద కోపం, గుమాస్తా మీద కోపం, అన్నిటికంటే ఎక్కువ తన మీద తనకే కోపం. "ఏమీ లేదు" అనడం కొడుక్కి నేర్పింది తనే. ఒకసారి, వాడు ఐదేళ్లప్పుడు, పక్కింట్లో మొదటి పిలుపుకే అరిసె అందుకున్నాడని వీపు మీద రెండు వేసింది కూడా.

"శిస్తు లెక్కల జమాబందీకి దొర కారమడై వస్తాడంటనే" అంది కొడుకుతో. "అర్జీ రాసి మనువు ఇస్తాము. దొరతో నేనే చెప్తాను."

"నీవా? బావి మనది కాదని నేనే చెప్తిని కదమ్మా. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పోతాము?"

"ఉండే మొహం పెట్టుకునే పోతాము" అని రామక్కాళ్ అర్జీ రాసే ఆయనకని ఒక నేతికుండ మూటగట్టింది.

కోయంబత్తూరు కచ్చేరి పక్క వీధిలో బాలసుందరం అని ఒకాయన ఇంగ్లీషులో అర్జీలు రాసేవాడు. పీలమేడు తెలుగువాడు. ఒకప్పుడు కచ్చేరిలో నకళ్లు రాసి, పై అధికారితో మాటా మాటా వచ్చి బయటికొచ్చేశాడు. అరుగుమీద చాప, ముందొక చెక్కపెట్టె, చెవిలో కలం. రామక్కాళ్ కరుప్పసామి బండెక్కి ఒక పగలంతా ప్రయాణం చేసి, మర్నాడు పొద్దున్నే ఆ అరుగు ముందు నిలబడింది. సంగతంతా విని బాలసుందరం తల పంకించాడు.

"అక్కా, మీకేం భయం వద్దు. 'కరుణాసముద్రులైన తమ పాదాల దగ్గర ఈ దిక్కులేని విధవ' అని మొదలుపెడతాను. రెండు పుటలు వస్తాది. దొర కరిగిపోవాల."

"దొర కరిగేది వేండాం. దొరకు తెలియాల. మాకు జరిగినదానికి ఇంగ్లీషులో మాట ఉండాదా?"

"ఎందుకుండదు? మీ బావ దొంగ. చీట్. మోసం చేసినాడు. అదే రాస్తాను."

రామక్కాళ్ తల అడ్డంగా ఊపింది. "ఆయన దొంగ కాదు. అడిగితే ఆయనా నాది కాదనే అన్నాడు. గుమాస్తా ఒక్క మాటే అడిగి పోయినాడు, దాంతో ఆయన మీదికి పోయినాడు, మేము కిందికి వస్తిమి. దీనికి మాట చెప్పండి."

బాలసుందరం చెవిలోంచి కలం తీశాడు. చాలాకాలంగా అతన్ని ఎవరూ ఇలాంటి ప్రశ్న అడగలేదు. "ఉండాది" అన్నాడు చివరికి. "లూజ్ బై అంటారు. లూజ్ అంటే పోగొట్టుకునేది. మీ ముక్కుపుడక బాటలో పడిపోతే అది లూజ్. లూజ్ బై అంటే అట్ల కాదు. ఏదో ఒకటి జరుగుతాది. దానివల్ల ఒకరికి మేలు, ఇంకొకరికి చేటు. ఆ చేటు పడినవాళ్లు లూజ్ బై."

"చేటు పడినవాళ్ల తప్పు ఉండాల్నా?"

"అక్కరలేదు. తప్పు ఉండొచ్చు, లేకపోవచ్చు. కానీ దేనివల్ల అని మాత్రం చెప్పాల. ఊరికే లూజ్ బై అంటే దొర అడుగుతాడు, దేనివల్ల అని. అందుకే అక్కడ మీ బావ మోసం అని పెడదాము. బలంగా ఉంటాది."

"పెట్టకండి. మోసం అని రాస్తే ఆయన గుడిలో దీపం ఆర్పి ప్రమాణం చేస్తాడు, ఆ ప్రమాణం నిలుస్తాది. అబద్ధం ఆడలేదు కదా ఆయన. అప్పుడు నేను అబద్ధాలకోరు అవుతాను, బాయి పోతాది. ఒక్క మాటే అడిగినందువల్ల అని రాయండి."

బాలసుందరానికి అది అర్జీలా అనిపించలేదు. రెండు పుటలు రాయాల్సింది పదకొండు వరుసల్లో ముగిసింది. కరుణాసముద్రుణ్ణి మాత్రం మొదట్లో ఒకసారి ఉంచనిమ్మని బతిమాలాడు, ఆమె సరే అంది. ఆ తర్వాత ఆమె అక్కడే కూర్చుని ఒక్క వాక్యం నోటికి పట్టింది. "వుయ్ లూజ్ బై ఇట్." పదిసార్లు, ఇరవైసార్లు. దారినపోయేవాళ్లు ఆగి చూశారు. చూడనీ అనుకుంది.

తిరుగు ప్రయాణంలో బండి తోలే కరుప్పసామికి పాపం చెవులు తూట్లు పడ్డాయి. "నీ ఎడమెద్దు ముందు పోయి తేటనీళ్లు తాగేసె. కుడెద్దుకు బురద మిగిలె. అప్పుడు కుడెద్దు లూజ్ బై, అంతే కదా?" అంది రామక్కాళ్.

"ఎద్దుకెందుకక్కా ఇంగ్లీషు" అన్నాడు కరుప్పసామి.

మాట అర్థమయ్యేకొద్దీ ఆమెకు అది ఎక్కడ చూసినా కనిపించసాగింది. అక్కకు వరుడు కుదరలేదని ఇరవై రెండేళ్లదాకా ఇంట్లో ఉండిపోయిన పక్కింటి వళ్లి. తోడికోడలు మళ్లీ కడుపుతో నిలిస్తే పాలు చాలకపోయిన ఆమె పెద్దపిల్ల. స్తంభం చాటున తను నిలబడిన ముప్ఫై ఏళ్లు. భర్త పోయిన పదోరోజున "ఇంట్లోకి ఏమైనా కావాల్నా అడుగు" అని బావగారు ఒక్కసారి అడిగించారు. ఏమీ వద్దని చెప్పించింది. ఆ హడావిడిలో ఆయన రెండోసారి అడిగించలేదు. ఆ ఏడు తనూ కొడుకూ ఎన్ని పూటలు గంజితో గడిపారో ఆయనకు తెలియనే తెలియదు. ఏడుపు వచ్చింది. కళ్లు తుడుచుకుని మళ్లీ ఆ వాక్యం మొదలుపెట్టింది.

కారమడైలో చింతతోపు కింద దొర గుడారం వేశారు. అర్జీదారులు తెల్లవారకముందే వచ్చి వరసగా కూర్చున్నారు. పెరుమాళ్‌సామి కూడా కబురందుకుని తెల్లటి తలపాగా చుట్టుకుని, అల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. బావామరదళ్లిద్దరి మధ్యా నాలుగు బారల దూరం. పలకరింపులు లేవు.

సిరస్తదారు అనే పెద్ద గుమాస్తా ఒక్కో అర్జీ తీసి, దాని సారం ఒక్క ముక్కలో దొరకు చెబుతున్నాడు. దొర తల ఊపడం, కలం గీకడం, తర్వాతిది. రామక్కాళ్ వంతు వచ్చింది. పదకొండు వరుసలే కదా, అవైనా చదువుతాడనుకుంది. సిరస్తదారు చదవలేదు. వెనక ఉన్న పాత రిజిస్టరు తిప్పి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. పక్కనున్న దుబాసీ దాన్ని అరవంలోకి మార్చి కృష్ణసామికి చెప్పాడు: "బావిలో పాలు లేదని నువ్వే ఒప్పుకున్నావట. కొట్టేస్తున్నారు. పొండి."

కృష్ణసామి చేతులు కట్టుకుని వెనక్కి ఒక అడుగు వేశాడు. దొర కలం అప్పటికే కిందికి వంగింది.

రామక్కాళ్ ముందుకొచ్చింది. బావగారి ఎదుట, పదిమంది మగవాళ్ల ఎదుట, కొంగు తలమీంచి జారిపోయింది కూడా చూసుకోలేదు. "వుయ్ లూజ్ బై ఇట్" అంది గట్టిగా.

దొర తలెత్తాడు. గుడారంలో అందరూ తలెత్తారు. "బై వాట్?" అన్నాడు దొర.

బాలసుందరం చెప్పినట్టే అయింది. ఆ తర్వాతిదానికి ఆమె దగ్గర ఇంగ్లీషు లేదు. దుబాసీ వైపు తిరిగి అరవంలో చెప్పింది, మధ్యలో తెలుగులోకి జారిపోతూ, మళ్లీ తేరుకుంటూ. మా ఊళ్లో మూడు మాటలు అడుగుతారు. మొదటి జవాబు జవాబు కాదు, మర్యాద. మీ గుమాస్తా ఒక్క మాటే అడిగి మర్యాదను రిజిస్టరులో రాసుకుని పోయినాడు. ఇప్పుడు నన్ను అడగండి. మొదటి మాటకే చెప్తాను, కక్కుర్తి అన్నా సరే. బాయిలో సగం మాది. మూడు రోజులు మావి. నేను ఎనిమిదేళ్లు పగ్గం పట్టి తోడిన నీళ్లు అవి.

దుబాసీ చెప్పడం ముగిసేదాకా దొర గడ్డం గోక్కుంటూ విన్నాడు. సిరస్తదారుకు ఇది నచ్చలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. దొర పెరుమాళ్‌సామిని ముందుకు పిలిపించి అడిగించాడు: "బావిలో సగం ఈమె కొడుకు పేర రాస్తాను. నీకేమైనా అభ్యంతరముందా?"

పెరుమాళ్‌సామి తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. అరవై ఏళ్ల అలవాటు. చేతులు జోడించి, "ఏమీ లేదు దొరా" అన్నాడు.

దొర కలం సిరాలో ముంచాడు.

కృష్ణసామి మొహం విప్పారింది. రామక్కాళ్‌కూ అర్థమైంది. అయిపోయింది, గెలిచాం. ఇంకో క్షణం నోరు మూసుకుని నిలబడితే చాలు, మూడు రోజులు కాగితం మీదికి ఎక్కుతాయి. ఆమె పెరుమాళ్‌సామి వైపు చూసింది. ఆయన ఇంకా చేతులు జోడించే ఉన్నాడు. కాస్త ముందుకు వంగి, కళ్లు దొర మొహం మీద నిలిపి, రెండోమాట కోసం ఎదురుచూస్తున్నాడు. రెండేళ్ల కిందట అరుగు దగ్గర తన కొడుకు నిలబడింది సరిగ్గా ఇలాగే.

పోనీ, ఆయనకూ తగలనీ అనుకుంది ఒక్క క్షణం. నిజంగానే అనుకుంది, దాచడమెందుకు. కానీ చెప్పకుండా నిలబడలేకపోయింది.

"ఆపండి దొరా" అంది. "ఆయన్ను ఇంకా రెండు మాటలు అడగండి."

"అమ్మా" అని కృష్ణసామి ఆమె కొంగు పట్టి లాగాడు. ఆమె విడిపించుకుంది. దొర దుబాసీని చూశాడు, దుబాసీ చెప్పాడు. దొర విసుగ్గా కుర్చీలో వెనక్కి వాలాడు గానీ కలం పక్కన పెట్టాడు. "అభ్యంతరముందా?"

"మీ చిత్తం" అన్నాడు పెరుమాళ్‌సామి.

"మూడోసారి అడుగుతున్నాను. ఉందా?"

ఇప్పుడు పెరుమాళ్‌సామి జోడించిన చేతులు దించాడు. ఒకసారి అల్లుడి వైపు, ఒకసారి నేల వైపు చూశాడు. చెప్పదలుచుకుంటే చెప్పడానికి ఆయన దగ్గర చాలా ఉంది. కాగితం ఉంది, తన పేరుంది, ఎండిన బావి ఉంది.

"మూడు రోజులు వాళ్లవే దొరా. మా నాయన ఇద్దరికీ అని దించిన బాయి. ఈ ఏడు నేను తగ్గించింది తప్పు. కానీ ఒకటి. నా తోట మెరకలో ఉండాది. ఎండాకాలం వచ్చినపుడు ముందు మూడు రోజులు నాకు రావాల."

దొర రామక్కాళ్‌ను అడిగించాడు, ఒప్పుకుంటావా అని. ఆమె మొదటి మాటకే, "ఒప్పుకుంటాను. అట్లే రాయండి" అంది. ముందుమూడు ఆయనవి, వెనకమూడు తమవి అని రిజిస్టరులో ఎక్కాక, దుబాసీని చదివించుకుని విని మరీ కదిలింది.

అల్లుడు తన ఊరి దారి పట్టాక, మిగిలిన ముగ్గురూ ఊరికి ఒకే బాటన నడిచి రావాలి. కృష్ణసామి ఉడుక్కుంటూ ముందు పోతున్నాడు. పెరుమాళ్‌సామి నడుమ, రామక్కాళ్ వెనక. జొన్నచేల దగ్గర పెరుమాళ్‌సామి అడుగు తగ్గించి, తల తిప్పకుండానే అడిగాడు.

"అమ్మణీ, దొరతో ఇంగ్లీషులో ఏమో అంటివే. ఏంది ఆ మాట?"

ముప్ఫై ఏళ్లలో ఆయన ఆమెను నేరుగా అడిగిన మొదటి మాట అది. ఆమె చుట్టూ చూసింది. చాటుకు స్తంభమూ లేదు, మధ్యన చెప్పేవాళ్లూ లేరు.

"లూజ్ బై" అంది. "దొర కలం ముంచినాడే బావా, అప్పుడు మీకు పట్టబోయినాదే, అది."

పెరుమాళ్‌సామి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి ఆమె మొహం చూశాడు.

"తెలిసే ఆపితివా?"

"తెలిసే" అంది రామక్కాళ్.